చిన్న వాగులో ట్రౌట్‌కి ఏ రాడ్?

ప్రశ్న: చెట్లు కమ్ముకున్న చిన్న కొండవాగుల్లో ట్రౌట్ చేపలు పట్టాలని ఉంది. నా 9 అడుగుల 5 వెయిట్ ఫ్లై రాడ్ (పురుగులా కట్టిన ఎర, అంటే ఫ్లై, విసిరే గాలపు కర్ర) ప్రతిసారీ కొమ్మల్లో చిక్కుకుంటోంది. 2 వెయిట్ కొనాలా, 4 వెయిట్ కొనాలా?

జవాబు: రెండింటి మధ్యలో ఆగండి (వెయిట్ అంటే రాడ్‌కి సరిపోయే లైన్ బరువుని చెప్పే అంకె, చిన్నదైతే తేలిక). 7 నుంచి 7.5 అడుగుల 3 వెయిట్ రాడ్ మీకు చక్కగా సరిపోతుంది. 2 వెయిట్ చేతిలో ముచ్చటగానే ఉంటుంది కానీ కాస్త గాలి వీచినా, పూస కట్టిన బరువైన ఫ్లై వేసినా ఇబ్బంది పెడుతుంది.

అంకె కన్నా రాడ్ ఎలా వంగుతుందన్నదే ముఖ్యం. ఇలాంటి చోట చివర నుంచి బయటికి వెళ్లే లైన్ మహా అయితే 10, 15 అడుగులు, అంత కొద్ది బరువుకి బిరుసైన ఫాస్ట్ యాక్షన్ రాడ్ సరిగా వంగదు, వంగకపోతే ఫ్లై ముందుకి పోదు. అందుకే మెత్తగా వంగే మీడియం లేదా స్లో యాక్షన్ చూడండి, ఫైబర్‌గ్లాస్ అయితే ఇంకా మంచిది. వెనక చెయ్యి ఊపే జాగా లేనప్పుడు బండ చాటున కూర్చుని, గాలపు ముల్లు గుచ్చుకోకుండా దాని వంపు దగ్గర ఫ్లైని పట్టుకుని, రాడ్ విల్లులా వంగేదాకా వెనక్కి లాగి వదిలేయండి, కొమ్మల కింద నుంచి సూటిగా వెళ్లి పడుతుంది. మెత్తటి రాడ్‌తో ఇది ఎంత హాయిగా ఉంటుందో!

రీల్ మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి, చిన్న చేపని ఎలాగూ చేత్తో లైన్ లాగే తెస్తాం. లీడర్ (లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం) 7.5 అడుగులు చాలు. గట్టున చెట్లు లేని వాగైతే మాత్రం 8 అడుగులు దాటిన రాడే మేలు, లైన్‌ని ప్రవాహం మీద పడకుండా ఎత్తి పట్టుకోవచ్చు.