అడవిలో తిరిగితే నీరసం తగ్గుతుందా? ముందు రక్తపరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఏడాదిగా విపరీతమైన నీరసం. ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి ఒళ్లు బరువుగానే ఉంటుంది. చెట్ల మధ్య, అడవిలో గడిపితే ఒంట్లో శక్తి పెరుగుతుందని మా ఆడపడుచు ఒక వీడియో పంపింది. వారం వారం తలకోనకో, శ్రీవారి మెట్టుకో వెళ్దామనుకుంటున్నాం. పెరటాసి నెలలో నడిచి కొండకు వస్తానని మొక్కు కూడా ఉంది. కానీ మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం వస్తోంది. మరీ ఓపిక లేనప్పుడు మా వీధిలో ఆర్ఎంపీ దగ్గర బలానికి ఇంజెక్షనో, సెలైనో పెట్టించుకుంటాను. రెండ్రోజులు బాగుంటుంది. నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది, అది మా ఇంట్లో ఆడవాళ్లందరికీ మామూలే. ఈ మధ్య బియ్యం తినే అలవాటు కూడా అయింది. వారానికి ఎన్ని గంటలు ప్రకృతిలో గడిపితే ఫలితం కనిపిస్తుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఎన్ని గంటలన్నది తర్వాత చూద్దాం. మీరు చివర్లో, పోనీ ఇదీ రాద్దాం అన్నట్టు రాసిన రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. ఎనిమిది రోజుల నెలసరి, కొత్తగా మొదలైన బియ్యం అలవాటు. వీటికి మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూడా కలిస్తే ఏ డాక్టరుకైనా మొదట తట్టేది రక్తహీనతే. ఇదే మీ జబ్బు అని నేను తేల్చి చెప్పడం లేదు. మనిషిని చూడకుండా, కనురెప్ప కిందికి లాగి చూడకుండా, ఒక్క రిపోర్టు లేకుండా అలా చెప్పడం తప్పు. కానీ ముందు చూడాల్సింది మాత్రం అదే.

బియ్యం బుక్కితే పెళ్లినాడు వాన పడుతుందని మనవాళ్లు ఆటపట్టిస్తారు. అందుకే ఎవరూ దీన్ని డాక్టరుకు చెప్పరు. చేటలో బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకోవడం, బలపం కొరకడం, మట్టి వాసన వస్తే తినాలనిపించడం, ఐస్ ముక్కలు నమలడం... ఇవన్నీ ఒంట్లో ఐరన్ తగ్గినవాళ్లలో తరచూ కనిపిస్తాయి. మీరు టీచర్ కాబట్టి అడుగుతున్నాను, సుద్దముక్క మీదకు కూడా మనసు పోతోందా? సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఐరన్ నిల్వలు నిండితే చాలామందిలో ఈ కోరిక దానంతటదే పోతుంది.

ఇక నెలసరి. ఇంట్లో అందరికీ అంతే అంటే, ఇంట్లో అందరికీ రక్తం తక్కువే అయి ఉండొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దేశం మొత్తం మీద 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలో అంతకంటే కాస్త ఎక్కువే. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా అది మామూలు కాదు. మీ వయసులో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (కండర గడ్డలు), హార్మోన్ల తేడాలు, థైరాయిడ్, అరుదుగా ఇంకా పెద్ద కారణాలూ ఉండొచ్చు. గైనకాలజిస్టును కలిసి పొత్తికడుపు స్కానింగ్ చేయించుకోండి. అలాగని స్కానింగులో చిన్న గడ్డ కనిపించగానే గర్భసంచి తీయించేద్దాం అని మాత్రం అనుకోవద్దు. దేశంలో ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. అందులో మాత్రలతోనో మరో పద్ధతితోనో ఆగిపోవాల్సినవి ఎన్నో. ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టరును కూడా అడగండి.

ఆయాసం గురించి. అడవిలో గాలి ఎంత మంచిదైనా, ఆ గాలిలోని ఆక్సిజన్‌ను కండరాలకు మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. అది తక్కువైతే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని సర్దుకోవాలి. ఇంట్లో, క్లాసులో అది ఎలాగో సర్దుకుంటుంది. శ్రీవారి మెట్టు దగ్గర సర్దుకోలేదు. ఆ దారిలో మెట్లు 2,388. అలిపిరితో పోలిస్తే దూరం తక్కువ, రెండు కిలోమీటర్ల పైచిలుకే. అందుకే నిటారుగా ఉంటుంది. అలిపిరి వైపు 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. మీ హిమోగ్లోబిన్ ఎంతో తెలియకుండా రెండు దారులూ వద్దు. మొక్కు అన్నారు కాబట్టి చెబుతున్నాను, పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టుకోండి. కోలుకున్నాక నడిచి వెళ్లి చెల్లించండి. కొండకే వెళ్లాలనిపిస్తే బస్సు ఉంది.

ఆయాసం ప్రతిసారీ రక్తం తక్కువ కావడం వల్లే వస్తుందనీ అనుకోవద్దు. ఆడవాళ్లలో గుండె సమస్య కొన్నిసార్లు ఛాతీ నొప్పి లేకుండా, విపరీతమైన అలసటగా, దవడ లాగినట్టుగా, వీపులో బరువుగా కనిపిస్తుంది. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగి పడబోయినా, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వచ్చినా ఈ జవాబు చదువుతూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అవేవీ లేకపోతే ఈ వారంలో ఒక ఫిజీషియన్‌ను కలవండి. సాధారణంగా సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, బి12, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ఒక ఈసీజీ రాస్తారు. ఇంకేమైనా కావాలా అన్నది ఆయన చూసి చెబుతారు. గర్భం లేని మహిళల్లో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. 8 కంటే తక్కువైతే తీవ్రమైనదిగా చూస్తాం. బయట ల్యాబ్ ఖర్చు బరువనుకుంటే రుయా ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి. లైన్లో నిలబడాలి, అంతే.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త కోప్పడాలి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ బలం ఇంజెక్షన్. ఏడాదిగా ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. ఏడాదిగా దాన్ని సూదితో కప్పిపెడుతున్నారు. అరలీటరు గ్లూకోజ్ సెలైన్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్. అంటే ఐదారు చెంచాల పంచదార. రెండు ఇడ్లీలు తింటే వచ్చే శక్తి కూడా దాదాపు అంతే, పైగా ఇడ్లీకి సూది అక్కర్లేదు. ఎర్రగా ఉండే ఇంజెక్షన్ అయితే బహుశా బి12 లేదా బి కాంప్లెక్స్. మీకు నిజంగా బి12 లోపం ఉందనుకోండి, దాన్ని పరీక్ష చేయకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి వేయించుకుంటే రిపోర్టులో అంకె నార్మల్‌గా వచ్చి అసలు లోపం దాగిపోతుంది. ఐరన్ లోపమే అయితే ఆ సూది వందసార్లు వేయించుకున్నా ఉపయోగం లేదు.

రెండ్రోజులు బాగుంటుంది అన్నారే, అక్కడే నాకు ఇంకో అనుమానం. కొన్నిచోట్ల ఇలాంటి ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తుంటారు. ఆకలి పుడుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ఆ డాక్టరు చెయ్యి మంచిదన్న పేరూ వస్తుంది. లోపల మాత్రం షుగర్, బీపీ పెరుగుతాయి. ఎక్కువకాలం తీసుకుని ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం. మీకు ఇచ్చింది అదేనని నేను అనను, నాకు తెలియదు. మీకూ తెలియదు, సమస్యంతా అదే. ఏమేం ఇచ్చారో చీటీ మీద రాయించుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రాసివ్వనంటే ఇక ఆ గుమ్మం తొక్కకండి.

అలాగని ఇది చదివి రేపే మెడికల్ షాపులో ఐరన్ మాత్రలు కొనుక్కోవద్దు. తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా అనే రక్త సమస్య స్వల్పంగా (ట్రెయిట్) ఉన్నవాళ్లకు కూడా హిమోగ్లోబిన్ తక్కువగా కనిపిస్తుంది, వాళ్లలో కొందరికి ఐరన్ అవసరం ఉండదు. అక్కర్లేని ఐరన్ ఒంట్లో పేరుకుపోతుంది. పరీక్ష తర్వాత డాక్టరు రాస్తే మాత్రం మధ్యలో ఆపకండి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. మాత్రకు ముందూ వెనకా గంటపాటు టీ, కాఫీ ముట్టకండి. స్టాఫ్‌రూమ్‌లో ఇది కష్టమేనని తెలుసు. హిమోగ్లోబిన్ సరైన అంకెకు వచ్చాక కూడా నిల్వల కోసం సాధారణంగా మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. ఓపిక రాగానే మాత్రలు మానేసి, ఆరునెలలకు మళ్లీ అదే నీరసంతో వచ్చేవాళ్లు మా ఓపీలో కోకొల్లలు.

సరే, మీ ప్రశ్నకు వద్దాం. చెట్ల మధ్య గడపడం మంచిదే, అందులో నాకు పేచీ లేదు. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. మీ ఆడపడుచు పంపిన వీడియోలోనూ ఇదే చెప్పి ఉండొచ్చు. కానీ అది జబ్బున్నవాళ్లను అడవికి పంపి నయం చేసిన అధ్యయనం కాదు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దానికోసం తలకోన దాకా పోనక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ చెట్ల కింద పొద్దున అరగంట, మాట్లాడుకుంటూ నడవగలిగే వేగంతో, వారానికి నాలుగైదు రోజులు నడిస్తే ఆ 120 నిమిషాలు అవుతాయి. ఆయాసం వస్తే కూర్చోండి, రిపోర్టులు వచ్చేదాకా అంతకు మించొద్దు. ఫోన్ బ్యాగులోనే ఉంచండి. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే నిద్ర గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర కాస్త గాఢంగా పడుతుంది. విటమిన్ డి మాత్రం ఆ లేత ఎండలో పెద్దగా రాదు. మన తిరుపతిలోనే స్విమ్స్ వైద్యులు చేసిన పరిశోధనల్లో అది చర్మంలో బాగా తయారయ్యేది 11 నుంచి 2 గంటల మధ్య ఎండలో అని తేలింది. అలాగని మే నెలలో మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడమని నేను చెప్పలేదు. 60 వేల యూనిట్ల విటమిన్ డి ప్యాకెట్లు కూడా ఎవరో చెప్పారని వారం వారం నెలల తరబడి వేసుకోవద్దు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదకు వస్తుంది.

ఇంకోటి అడగాలి. నీరసంతో పాటు ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం ఉన్నాయా? ఉంటే అది టెన్షన్‌లే అని తోసేయకుండా ఫిజీషియన్‌కు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కోలుకున్నాక తలకోన వెళ్లండి, పిల్లలకూ బాగుంటుంది. జలపాతం కింద బండలు పాచిపట్టి జారతాయి, జాగ్రత్త. తిరుమల నడకదారుల్లో చిరుతల సంచారం ఉంది కాబట్టి అనుమతించిన వేళల్లోనే గుంపుగా వెళ్లండి. పొదల్లో, గడ్డిలో కూర్చునేటప్పుడు కింద దుప్పటి పరుచుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చేయండి. ఎందుకంటే మన ప్రాంతంలో స్క్రబ్ టైఫస్ ఉంది. కంటికి ఆనని పురుగు కుడుతుంది, నొప్పి కూడా తెలియదు. వారం నుంచి మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో సిగరెట్‌తో కాల్చినట్టు ఒక చిన్న నల్లటి పెచ్చు ఉంటుంది. అందరిలోనూ ఉండదు. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోయే జ్వరం ఇది, వదిలేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. కాబట్టి అడవికి వెళ్లొచ్చిన మూడు వారాల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా పారాసెటమాల్ మింగి రోజులు లెక్కపెట్టకండి. డాక్టరు అడగకపోయినా ఎక్కడికి వెళ్లొచ్చారో మీరే చెప్పండి.