ఇంజనీరింగ్ వద్దు, సైన్సే చదవాలనుంది. కానీ ఒకరోజు ఉత్సాహం, ఒకరోజు దిగులు. మీకూ ఇలాగే ఉండేదా?

ఉండేది చెల్లీ. ఫిజిక్స్ అంటే ప్రాణమని, వీక్లీ టెస్ట్ మార్కులు వచ్చిన రోజు మాత్రం "నాకు సైన్స్ రాదేమో" అనిపిస్తోందని రాశావు. నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంపీసీ చదివి, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ (ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు) చేశాను.

టెస్టులో ర్యాంకు జారిందంటే సెక్షన్ మార్చేసేవారు. అలాంటి రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఇంటికొస్తే అమ్మ, "ఫిజిక్స్ చదివి ఏం జేస్తవ్ బిడ్డా? సాఫ్ట్‌వేర్ అయితే మాదాపూర్‌ల ఉద్యోగం ఉంటది గదా" అనేది. ఆమె భయం ఉత్తిది కాదు.

ఆ టెస్టు చూసేది లెక్క ఎంత త్వరగా తేలుస్తావన్నదే. ఎంట్రన్సులకు అదీ కావాలి, కాదనను. కానీ నీకు ఫిజిక్స్ వచ్చో రాదో ఆ షీటు చూసి తేల్చుకోకు. మార్కులతో పనిలేకుండా నీ చేత్తో నువ్వు చేసి చూసేది ఒకటి ఉంచుకో.

నాకది నీడ లేని రోజు. మన ఊరి అక్షాంశం 17.4 డిగ్రీలు. ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఎంసెట్ హడావిడి మధ్యలోనే డాబా మీద ఒక నిలువు స్టీలు డబ్బా పెట్టి కూర్చున్నాను. నీడ మెల్లగా డబ్బా కిందికి ముడుచుకుంటోంది. 12 గంటలకల్లా పోతుందనుకున్నా, ఇంకా పడమటి వైపు సన్నని గీత మిగిలే ఉంది. 12:12కి అదీ పోయింది.

ఎందుకలా? మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం కావాలి. మరి 12:16 కాలేదేం? భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వంగి ఉండడం వల్ల మేలో సూర్యుడు గడియారం కంటే దాదాపు మూడున్నర నిమిషాలు ముందుంటాడు. ఆగస్టు మొదట్లో ఆరు నిమిషాలు వెనకబడతాడు, కాబట్టి అప్పుడు 12:22. ఈ లెక్క కాగితం మీద కుదిరినప్పుడు కలిగిన ఆనందం ఏ ర్యాంకూ ఇవ్వలేదు నాకు. అరికాళ్లు కాలుతున్నా లేవబుద్ధి కాలేదు.

ఇక దారుల సంగతి. ఐసర్‌లు, అంటే సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థలు, ఏడున్నాయి. మనకు దగ్గర్లోది తిరుపతి, 2015లో పెట్టారు. వాటికి ఐఏటీ అనే ఎంట్రన్స్ రాయాలి: 3 గంటల్లో 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఎంపీసీ వాళ్లు బయాలజీ చూసి బెదురుతారు. ఎన్‌సీఈఆర్‌టీలో జెనెటిక్స్, ఎకాలజీ చదివి, తెలిసినవే పెట్టు, మిగతావి వదిలెయ్. భువనేశ్వర్‌లో అలాంటిదే నైసర్ ఉంది, దానికి నెస్ట్ అనే ఎంట్రన్స్, మన సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ అనే ఎంట్రన్స్. వీటి అప్లికేషన్ల గురించి మా కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు, నువ్వే చూసుకుంటూ ఉండు.

ఇంట్లో ఒప్పించడానికి వాదన పెట్టుకోకు. హబ్సిగూడలో సీసీఎంబీ అని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ సాధారణంగా సెప్టెంబరు 26, అంటే దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ స్థాపన దినం చుట్టుపక్కల, ఓపెన్ డే పెట్టి ల్యాబులు జనానికి చూపిస్తారు. మా అమ్మను వెంటబెట్టుకెళ్లాను. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క మైక్రోస్కోపులో చేపపిల్ల పిండం చూపించింది. గాజులా ఉన్న ఒంట్లో గుండె కొట్టుకుంటోంది. అమ్మ చాలాసేపు చూసి, "మరి నీకు జీతం ఇస్తరా బిడ్డా?" అని ఆ అక్కనే అడిగింది. ఫెలోషిప్ వస్తుందని ఆమె నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పింది. (పీహెచ్‌డీ మొదట్లో వచ్చే ఈ ఫెలోషిప్‌ను జేఆర్‌ఎఫ్ అంటారు, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు చేశారు.) ఆ రోజు తర్వాత మా ఇంట్లో మాదాపూర్ మాట తగ్గింది. మీ అమ్మానాన్నల్నీ తీసుకెళ్లు, వాళ్ల అనుమానాలు అక్కడి వాళ్లనే అడగనివ్వు.