అమెరికా నుంచి పాత స్టూడియో రీల్ రికార్డర్ తెప్పిస్తే ఇండియాలో సరిగ్గా నడుస్తుందా?

అది ఏ మోటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1950ల నాటి అమెరికన్ రికార్డర్లు ఆంపెక్స్ 350, 351ల్లో టేపును లాగే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని తిరుగుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, మనకు 50. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఓల్టేజీ తగ్గుతుందే గానీ ఫ్రీక్వెన్సీ మారదు. దాంతో సెకనుకు 15 అంగుళాలు పోవాల్సిన టేపు 12.5 దగ్గరే ఆగుతుంది, పాట బరువుగా సాగుతుంది. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కొనాలి, లేదా 50 హెర్ట్జ్ భాగాలు వెతకాలి. రెండూ ఖర్చే.

ఈ గొడవ వద్దంటే స్విట్జర్లాండ్ వాళ్ల స్టూడర్ ఏ80 చూడండి. 1970లో వచ్చిన దీని వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూటే అదుపు చేస్తుంది. స్టెఫాన్ కుడెల్‌స్కీ తయారుచేసిన నాగ్రా 3 అయితే 12 పెద్ద టార్చి బ్యాటరీలతో నడుస్తుంది, ప్లగ్గుతో పనే లేదు!

ఏది కొన్నా ముందు హెడ్ (టేపు ఆనుకుని సాగే, శబ్దాన్ని రాసి చదివే భాగం) ఫోటోలు దగ్గరగా తీసి పంపమనండి. టేపు రాసుకుని అరిగిన చోట చదునైన పట్టీ కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే గోరుతో అడ్డంగా గీయండి. అంచు దగ్గర గోరు తట్టుకుంటే అరుగుదల ఎక్కువగానే ఉన్నట్టు. కొంతవరకు సానపట్టి సరిచేయిస్తారు, అది దాటితే కొత్త హెడ్డే. నా మటుకు పైపెట్టె మెరుపు కంటే ఇదే ముఖ్యం.