మంద కుక్కలకు గోమార్లు: ఒంటి మీద మందు ఒక్కటే చాలదు

ప్రశ్న: గొర్ల మందకు కాపలాగా రెండు కుక్కలను పెంచుతున్నాం. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు గుత్తులుగా పట్టాయి. ఎన్ని పీకినా వారంలో మళ్లీ అంతే. ఒక కుక్క రెండు రోజులుగా తిండి ముట్టడం లేదు. పత్తికి కొట్టే మందు పూయమంటున్నారు. పూయొచ్చా? గొర్లకు కూడా పట్టుకుంటాయా?
– ఒక రైతు, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: పత్తి మందు మాత్రం దయచేసి పూయకండి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి చర్మం గుండా ఒంట్లోకి దిగుతాయి. పైగా కుక్క ఒళ్లు నాక్కుంటుంది. చొంగ కారడం, వణుకు, ఫిట్స్ మొదలై గంటల్లోనే చనిపోవచ్చు. ఇప్పటికే పూసి ఉంటే చేతులకు గ్లౌజులు వేసుకుని సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాతో సహా పశువుల దవాఖానకు తీసుకెళ్లండి.

తిండి ముట్టని కుక్కను ఈ రోజే డాక్టరుకు చూపించండి. గోమారి కాటుతో ఎర్లీకియా, బబేసియా అనే జబ్బులు వస్తాయి. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. పాలిపోయి ఉన్నా, మూత్రం కాఫీ రంగులో పడుతున్నా, ముక్కు నుంచి రక్తం కారుతున్నా అసలు ఆగొద్దు. రెండు జబ్బులకూ మందులు వేరు కాబట్టి రక్తపరీక్ష అవసరం. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. కుక్క నాలుగు రోజులకే లేచి తిరుగుతుంది, అప్పుడే మనవాళ్లు మాత్రలు ఆపేస్తారు. జబ్బు తిరగబెట్టేది అందుకే.

ఇక పీకినా మళ్లీ ఎందుకొస్తున్నాయంటే, మీకు కుక్క మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్లలో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు కూడా ప్రతి దశలో రక్తం తాగి, రాలిపడి, కుబుసం విడిచి మళ్లీ కుక్కనెక్కుతాయి. రాత్రి టార్చి వేసి కొట్టంలో గోడ పైభాగం, వాసాల సందులు చూడండి, పాకుతూ కనిపిస్తాయి. కుక్క పడుకునే పాత గోనె సంచులు కాల్చేయండి. పగుళ్లు సిమెంటుతో పూడ్చి, గోడలకు సున్నం వేయండి. గోడలకు కొట్టే మందు, మోతాదు డాక్టరును అడగండి. గుడ్లు ఆ మందుకు చావవు కాబట్టి 15 రోజులకోసారి మూడు నాలుగు సార్లు కొట్టాలి. మందు ఆరేదాకా కుక్కలను, గొర్లను, కోళ్లను లోపలికి రానివ్వకండి.

కుక్క ఒంటికైతే 12.5 శాతం అమిత్రాజ్ అనే గోమార్ల మందు లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, కళ్లకు, పుండ్లకు తగలకుండా తడపండి. ఆరేదాకా నాకనివ్వొద్దు. నాలుగు నెలల లోపు కుక్కపిల్లలకు, జబ్బుతో నీరసించిన మీ కుక్కకు ఇది వద్దు. బరువును బట్టి ఇచ్చే ఫ్లురాలనర్ మాత్ర ఒక్కటి వేస్తే సుమారు 12 వారాలు పనిచేస్తుంది. ధర ఎక్కువే అయినా, రోజంతా గుట్టల్లో తిరిగే మంద కుక్కకు అదే నయమని నా అభిప్రాయం.

పీకేటప్పుడు చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా నిటారుగా లాగి సబ్బునీళ్లలో వేయండి. కిరోసిన్ పోయొద్దు, గోళ్లతో నలపొద్దు.

గొర్ల గురించి టెన్షన్ పడకండి. ఈ గోమారి ఎక్కువగా కుక్కనే పట్టుకుంటుంది. గొర్లకు పట్టేవి చాలావరకు వేరే రకాలు. వాటి చెవులు, తోక కింద చూసి, ఉంటే మందకు వేరే మందు అడగండి. దవాఖాన దూరమైతే సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.