మంచి చిప్పీని పట్టుకోవడం: మేనల్లుడికి అత్త ఉత్తరం

ఏరా అల్లుడూ,

లీడ్స్‌లో దిగి నెల తిరక్కుండానే "అత్తా, మంచి ఫిష్ అండ్ చిప్స్ షాపు ఒకటి చెప్పు" అని మెసేజ్ పెట్టావు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ నువ్వుండేది హెడింగ్లీలో, నాకు తెలిసినవి ఊరికి ఆ చివర. పిండిలో ముంచి వేయించిన చేప, దాని పక్కన చిప్స్, అంటే పొడుగ్గా కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలు. రెండు బస్సులు మారి వెళ్ళి తినే తిండి కాదిది. ఇక్కడివాళ్ళు చిప్పీ అనే ఈ షాపు ఇంటికి నడిచే దూరంలో ఉండాలి. చదువయ్యాక నువ్వు ఏ ఊళ్ళో తేలతావో కూడా తెలీదు. అందుకే షాపు పేరు బదులు, షాపుని పట్టే కిటుకు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు నూనె సంగతి. అడిగితే ఎవరూ దాచరు, అడక్కపోతే ఎవరూ చెప్పరు. మన లీడ్స్ ఉన్న యార్క్‌షైర్‌లో పాతకాలం నుంచీ చేపనీ చిప్స్‌నీ వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించి వడకట్టిన గొడ్డు కొవ్వులో. వీళ్ళకి అది గొప్ప; కొన్ని షాపులు బోర్డు మీదే రాసుకుంటాయి. లండన్ వైపు వెళితే ఎక్కువగా వెజిటబుల్ ఆయిలే. తినడం మానడం నీ ఇష్టం, మీ నాన్నకి నేనేం చెప్పను. కానీ తెలిసి తిను. చేప ముట్టను, చిప్స్ చాలు అనే నీ రూమ్మేటుకి కూడా ఈ మాట చెప్పు పాపం. ఆ చిప్స్ కూడా అదే కొవ్వులో వేగుతాయి. వెజిటబుల్ ఆయిల్ వాడే చోట కూడా చేపకీ చిప్స్‌కీ వేరే ఫ్రైయర్లు ఉన్నాయా అని అతను అడగాలి. మొహమాటం అక్కర్లేదు, ఈ ప్రశ్న వాళ్ళకి అలవాటే.

ఇక చేప. మనం మొప్పలెత్తి ఎరుపు చూసి, నొక్కి చూసి, బేరమాడి కొనే గోదావరి జనం. ఆ తెలివి ఇక్కడ పనికిరాదు. చిప్పీకి వచ్చేవి తలా తోకా లేని ఫిల్లెట్లు. చాలా షాపుల్లో అవి ఐస్‌లాండ్, నార్వే వైపు చలి నీళ్ళలో పట్టి, ఓడ మీదే కోసి, కొన్ని గంటల్లోనే గడ్డకట్టించినవి. ఫ్రోజెన్ అనగానే మొహం చిట్లించకు. పట్టిన చేప రేవుకి చేరి, అక్కడినుంచి షాపుకొచ్చేదాకా రోజుల తరబడి ఐసు మీద పడి ఉండేదానికన్నా అదే నయం. కాబట్టి "ఫ్రెష్" అన్న అక్షరాలకి పడిపోకు, ఏ చేపో రాశారా లేదా చూడు. ఉత్త "ఫిష్" అని ఉంటే అడుగు. మన యార్క్‌షైర్‌లో ఎక్కువగా హ్యాడక్ అనే చేప, దక్షిణాన కాడ్ అనే చేప. కాడ్ పెద్ద పెద్ద రేకులుగా విడిపోతుంది, రుచి చప్పన. హ్యాడక్‌కి కాస్త తీపి ఉంటుంది. నా ఓటు హ్యాడక్‌కే. స్కాట్లాండ్ వాళ్ళూ నా పక్షమే.

షాపు లోపలికి అడుగుపెట్టగానే ముక్కుని నమ్ము. వేడి కొవ్వు వాసన ఎలాగూ ఉంటుంది, అది తప్పు కాదు. గొంతులో పట్టేసే మాడు కంపు వస్తే మాత్రం నూనె మార్చి చాలా రోజులైందన్నమాట, వెనక్కి తిరిగి వచ్చెయ్. తర్వాత గాజు పెట్టె చూడు. ఫ్రైయర్ పైన వెచ్చగా ఉంచే పెట్టెలో చేపలు వరసగా పేర్చి ఉండి, షాపులో జనం లేరంటే నీకొచ్చేది ఎప్పుడో వేగిన ముక్క. మన మిరపకాయ బజ్జీ బండి దగ్గర చల్లారిన వాయి వద్దని తర్వాతి వాయి కోసం నిలబడతాం చూడు, ఇక్కడా అంతే. "అప్పుడే వేయించి ఇస్తారా, ఆగుతాను" అని అడుగు. సరే అన్న షాపు మంచిది. విసుక్కున్న షాపుకి మళ్ళీ వెళ్ళకు. శుక్రవారం సాయంత్రం అడగాల్సిన పనే ఉండదు, వేసింది వేసినట్టు వెళ్ళిపోతుంది. ఈస్టర్ ముందు వచ్చే గుడ్ ఫ్రైడే నాడు మాత్రం ఆ ఛాయలకి పోకు, ఏడాది మొత్తంలో అంత రద్దీ ఇంకో రోజు ఉండదు. మధ్యాహ్నం ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరిచి నడుమ మూసేసే షాపులు చాలా ఉన్నాయి. ఆదివారమో సోమవారమో సెలవు. వెళ్ళేముందు చూసుకో.

అసలు పరీక్ష మొదటి ముక్క విరిచినప్పుడు. ఫోర్కుతో తడితే పైపొర టకటకమనాలి. విరిస్తే లోపలినుంచి ఆవిరి రావాలి, తెల్లటి రేకులు తడి తడిగా వాటంతటవే జారాలి. పొరకీ చేపకీ మధ్య జిగురుగా, బూడిదరంగులో పచ్చిపిండి కనిపించిందా? పిండి చిక్కగా కలిపారు, లేదా నూనె కాగకుండా వేశారు. పొర మీద నల్ల నలుసులుంటే నూనె వడకట్టడం లేదు. ఈ రెండూ ఒకే ముక్కలో కనిపిస్తే ఆన్‌లైన్‌లో నక్షత్రాలు ఎన్ని ఉన్నా ఆ షాపు పేరు కొట్టెయ్.

చిప్స్ గురించి ఎవరూ ఇంత ఆలోచించరు కానీ, నాకు సగం షాపు అక్కడే తెలిసిపోతుంది. బరకగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే దుంపలు అక్కడే కోశారు. వాటికి ఎక్కువమంది వాడేది 1966లో వచ్చిన మారిస్ పైపర్ రకం. ఎండాకాలంలో పాత పంట అయిపోయి కొత్త దుంపలు దిగే కొన్ని వారాలు మాత్రం మంచి షాపులో కూడా చిప్స్ మెత్తబడతాయి, త్వరగా ఎర్రబడతాయి. కొత్త దుంపల్లో నీళ్ళు, తీపి ఎక్కువ. ఆ రోజుల్లో షాపుని తిట్టుకోకు.

శుభ్రతకి తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కరు ఉంటుంది, సున్నా నుంచి ఐదు వరకు మార్కులు. వేల్స్‌లో దాన్ని అంటించి తీరాలి. ఇంగ్లండ్‌లో అలాంటి నిర్బంధం లేదు కాబట్టి తక్కువ వచ్చినవాడు అంటించడు. స్టిక్కరు లేకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్లో షాపు పేరు కొట్టి చూడు. నాలుగుకి తగ్గితే నేను వెళ్ళను.

జనం చెప్పే పెద్ద పేర్లు కూడా చూడు, వద్దనను. నీకు దగ్గర్లోని గైజ్లీలోనే 1928లో హ్యారీ రామ్స్‌డెన్ ఒక చెక్క గుడిసెలో షాపు పెట్టాడు, తర్వాత దేశమంతా తెలిసిన పేరయింది. విట్బీ రేవుకి వెళితే వరసగా షాపులే, వాటి ముందు బారులే. కానీ బీచి పక్క షాపు క్యూ చూసి మురిసిపోకు, వాళ్ళంతా ఒక్కసారి వచ్చిపోయేవాళ్ళు. ఇళ్ళ మధ్య సందులో, పనిబట్టల మీద వచ్చిన మేస్త్రీలూ, చేతిసంచీలతో ముసలమ్మలూ నిలబడ్డ క్యూ కనిపిస్తే దాని వెనక నిలబడు. వాళ్ళు వచ్చే వారం కూడా అక్కడికే వస్తారు.

నీ వంతు వచ్చినప్పుడు తడబడకు. "హ్యాడక్ అండ్ చిప్స్ వన్స్, ప్లీజ్" అను, ఇక్కడ ఒకటి కావాలంటే వన్స్, రెండు కావాలంటే ట్వైస్ అని అడగడం పద్ధతి. ఒక్కడివే అయితే చిన్న సైజు చాలు, చిప్స్ గంపెడు పోస్తారు. "స్క్రాప్స్" కావాలని అడిగితే నూనెలో రాలిన పిండి పలుకులు పైన చల్లుతారు, యార్క్‌షైర్‌లో చాలాచోట్ల ఊరికే ఇస్తారు. ఉప్పు, వెనిగర్ వెయ్యనా అంటే వెయ్యమను. మష్షీ పీస్ అంటే నానబెట్టి మెత్తగా ఉడికించిన బఠానీ ముద్ద. నీకు చప్పగా అనిపిస్తుంది, జేబులో పచ్చిమిరపకాయ పెట్టుకెళ్ళు. కర్రీ సాస్ మాత్రం మన కూరని తలుచుకుని తీసుకోకు, ఏడుస్తావు.

డెలివరీ యాప్‌లో ఎప్పుడూ తెప్పించుకోకు. మూసిన పెట్టెలో ఆవిరికి పొర పది నిమిషాల్లో నానిపోతుంది, ఎంత గొప్ప షాపైనా సరే. కాగితంలో చుట్టెయ్యకుండా తెరిచే ఇమ్మని చెప్పి, బయట గోడ మీద కూర్చుని అక్కడే తినేసెయ్. మొదటి షాపు ఫొటో పంపించు, పొర రంగు చూసి చెబుతాను.

ఇట్లు,
మీ అత్త