జీతం ఇచ్చేది ఒక కంపెనీ, లెటర్ ఇచ్చింది ఇంకో కంపెనీ: నోమాడ్ వీసా అక్కడే ఆగింది

ప్రశ్న: ఆరేళ్లుగా ఒకే గ్రూపులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, నాలుగేళ్లుగా ఇంటి నుంచే పని. కుటుంబంతో స్పెయిన్ వెళ్దామని డిజిటల్ నోమాడ్ వీసాకు (బయటి దేశపు కంపెనీకి అక్కడ ఉండి దూరం నుంచి పని చేసేవాళ్లకు ఇచ్చే వీసా) అప్లై చేస్తే కాన్సులేట్ తిరస్కరించింది. అప్లై చేయడానికి రెండు నెలల ముందు మమ్మల్ని అదే గ్రూపులోని ఇంకో కంపెనీ పేరోల్‌లోకి మార్చారు. పని అదే, మేనేజరూ అదే. ‘ఎక్కడి నుంచైనా చేసుకో’ అని ఆయన చాట్‌లో రాశారు. హెచ్‌ఆర్ ఇచ్చిన లెటర్ పాత కంపెనీ పేరు మీద ఉంది, ఇప్పుడు మళ్లీ అడిగితే జవాబు లేదు. పిల్లలకు స్కూలు చూసుకుని అడ్వాన్స్ కట్టాం, నా భార్య ఉద్యోగం మానేసింది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫ్రీలాన్సర్‌గా చూపించి మళ్లీ అప్లై చేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. తిరస్కరణ వచ్చి మూడు వారాలు కావస్తోంది. మేనేజర్ మీద, కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో ఎక్కువ భాగం మేనేజర్ మాట తప్పడం గురించి, స్కూల్లో కట్టిన అడ్వాన్స్ గురించి. వాటికి తర్వాత వద్దాం. మీ కేసు తేలేది ఒక్క మాట మీద: అప్లై చేసిన రోజున, కాగితాల ప్రకారం, మీ యజమాని ఎవరు?

స్పెయిన్ 2022 డిసెంబరులో స్టార్టప్‌ల చట్టం తెచ్చి, దాని ద్వారా 2013 నాటి 14వ నంబరు చట్టంలో ఈ వీసా నిబంధనలు చేర్చింది. ఉద్యోగి విషయంలో అది అడిగేవి చాలా సూటిగా ఉంటాయి. స్పెయిన్ బయట ఉన్న కంపెనీతో మీ ఉద్యోగ సంబంధానికి దరఖాస్తు నాటికి కనీసం మూడు నెలలు నిండాలి. ఆ కంపెనీ కనీసం ఏడాదిగా నిజంగా, ఆగకుండా వ్యాపారం చేస్తూ ఉండాలి. మీరు దూరం నుంచి పని చేయడానికి అనుమతిస్తున్నట్టు ఆ కంపెనీయే కాగితం ఇవ్వాలి. మీ ఫైల్లో చివరి రెండు పే స్లిప్పులు ఒక కంపెనీవి, అనుమతి లెటర్ ఇంకో కంపెనీది. ఫైలు చూసే అధికారికి మీ ఆరేళ్ల అనుభవం కనిపించదు. రెండు నెలల కొత్త ఉద్యోగం, ఆ ఉద్యోగంతో సంబంధం లేని ఎవరో ఇచ్చిన లెటర్, ఈ రెండే కనిపిస్తాయి. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేవాణ్ణి.

మేనేజర్ చాట్ పక్కన పెట్టండి. మేనేజర్ అంటే కంపెనీ కాదు, కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఆయనకు లేదు. ‘ఎక్కడి నుంచైనా’ అన్న మాటకు ఇంట్లోంచి అని అర్థమా, ఇంకో దేశం నుంచి అని అర్థమా అని అడిగితే, రేపు ఆయనే మొదటి అర్థం చెప్పి తప్పుకుంటారు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని ఇంట్లో రెండో జీతం వదులుకోవడం, స్కూలుకు డబ్బు కట్టడం పొరపాటు. వీసా చేతికి రాకముందు తిరిగి రాని ఖర్చు ఏదీ చేయకూడదు. కంపెనీ మీద కేసు గురించి అడిగారు. మిమ్మల్ని స్పెయిన్ పంపుతామని వాళ్లెక్కడా రాసివ్వలేదు, కాబట్టి అందులో బలం లేదు. పైగా మీకిప్పుడు కావలసింది అదే కంపెనీ సంతకం.

ఇక గడువు. మూడు వారాలు ఊరికే కూర్చున్నారు, నాకు కోపం వచ్చింది ఇక్కడే. తిరస్కరణ ఇచ్చిన అధికారులనే మళ్లీ చూడమని కోరే అర్జీకి స్పెయిన్ చట్టం ఇచ్చే గడువు ఒక నెల. దాన్ని లెక్కపెట్టడంలో చాలామంది ఒక రోజు తేడాతో మునిగిపోతారు. కాగితం మీకు 7వ తేదీన అందితే గడువు వచ్చే నెల 7తోనే ముగుస్తుంది, 8 దాకా ఉండదు. అర్జీ వద్దనుకుంటే నేరుగా మాడ్రిడ్‌లోని హైకోర్టుకు వెళ్లడానికి రెండు నెలలు. కానీ దానికి అక్కడి లాయరు కావాలి, ఖర్చు ఎక్కువ, తీర్పు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. తిరస్కరణ ఏ తేదీన అందిందో ఉత్తరంలో రాయలేదు. కవరు పారేశారా? ఈమెయిల్‌లో వస్తే, ఆ మెయిల్ తేదీ కనిపించేలా ఈరోజే ప్రింట్ తీసి పెట్టుకోండి.

అయితే అర్జీ పెట్టాలా వద్దా? అది ఒక్క కాగితాన్ని బట్టి ఉంటుంది. పేరోల్ మార్చినప్పుడు మీకు ట్రాన్స్‌ఫర్ లెటర్ ఇచ్చి ఉంటారు. చాలామంది దాన్ని చదవకుండానే ఆన్‌లైన్‌లో సంతకం పెట్టేస్తారు. అందులో ‘మీ పాత సర్వీసు కొనసాగుతుంది, చేరిన తేదీ మారదు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉందా చూడండి. ఉంటే, ఉద్యోగ సంబంధం తెగలేదు, యజమాని పేరు మాత్రమే మారింది అని వాదించడానికి ఆధారం దొరికినట్టే. గెలుస్తామని హామీ ఇవ్వలేను కానీ, ఆ వాదన వినదగ్గది. కొత్త కంపెనీ ఇచ్చిన సరైన అనుమతి లెటర్ కూడా జతచేసి నెల లోపు అర్జీ పెట్టండి. నెలలోగా జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క.

అలాంటి వాక్యం లేకుండా, రాజీనామా చేసి కొత్తగా చేరినట్టు కాగితాలుంటే మాత్రం అర్జీ దండగ. దరఖాస్తు రోజున మూడు నెలలు నిండలేదన్న నిజాన్ని ఏ లాయరూ మార్చలేడు. మరో రకంగా చూస్తే మీ అదృష్టం, ఆ మూడు నెలలు ఇప్పటికే నిండి ఉంటాయి, లేదా కొద్ది వారాల్లో నిండుతాయి. కొత్తగా దరఖాస్తు చేయడం మేలు. ఒకటి మాత్రం ముందే చూసుకోండి: కొత్త కంపెనీ రిజిస్టరై ఏడాది దాటిందా? దాటకపోతే లెటర్ ఎంత బాగున్నా రెండోసారీ అదే ఫలితం రావచ్చు, అప్పటిదాకా ఆగండి.

మీ ఫ్రెండ్ సలహా వినకండి. ఉద్యోగిగా జీతం తీసుకుంటూ ఫ్రీలాన్సర్‌నని ఇన్‌వాయిస్‌లు తయారు చేయడం అబద్ధపు పత్రాలు పెట్టడమే. మీరు ఉద్యోగినని రాసిచ్చిన ఫైలు అదే కాన్సులేట్‌లో ఉంది. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా జీతం అని పడుతోంది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే ఐదు నిమిషాల్లో దొరికిపోతారు. ఫ్రీలాన్సర్‌కీ క్లయింటుతో మూడు నెలల సంబంధం చూపించాలన్నది ఆయనకు తెలిసినట్టు లేదు. ఒకవేళ వీసా వచ్చినా తర్వాత బయటపడితే రద్దవుతుంది, అప్పటికి పిల్లలు అక్కడి స్కూల్లో ఉంటారు. మీ భార్యా పిల్లల అనుమతి కూడా మీ అనుమతి మీదే ఆధారపడి ఉంటుంది. అలాగే పాత తేదీతో లెటర్ ఇమ్మని హెచ్‌ఆర్‌లో తెలిసినవాళ్లను అడగొద్దు, వాళ్ల ఉద్యోగం కూడా పోతుంది. టూరిస్టుగా వెళ్లి అక్కడినుంచే అప్లై చేయొచ్చు కదా అని కూడా మీకెవరో ఒకరు చెబుతారు. చట్టబద్ధంగా స్పెయిన్‌లో ఉన్నవాళ్లు అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చన్నది నిజమే, మూడేళ్ల దాకా అనుమతి దొరికే దారి కూడా అదే. కానీ అక్కడా ఇవే కాగితాలు అడుగుతారు. విహారయాత్ర అని చెప్పి టూరిస్టు వీసా తీసుకుంటే ఇంకో అబద్ధం తోడవుతుంది.

హెచ్‌ఆర్ ఎందుకు మాట్లాడటం లేదో నాకు అర్థమవుతోంది. మీ మీద కోపం కాదు, భయం. ఉద్యోగి ఇంకో దేశంలో కూర్చుంటే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్, వైద్యం వంటి వాటికి కట్టే చందా) ఎవరు కట్టాలి, ఆ దేశంలో కంపెనీకి పన్ను బాధ్యత వస్తుందా అన్నది వాళ్ల లెక్క. రెండు దేశాల మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉంటే, మీ దేశంలోనే కడుతున్నారని చూపే కవరేజ్ సర్టిఫికెట్‌తో పని జరగవచ్చు. లేకపోతే కంపెనీ స్పెయిన్‌లో నమోదై అక్కడ కట్టాల్సి వస్తుంది. చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. అందుకే ‘దయచేసి లెటర్ ఇవ్వండి’ అని బతిమాలుతూ రాయకండి. ఒకే మెయిల్‌లో, మీ జీతం ఇస్తున్న కంపెనీ పూర్తి పేరు, చేరిన తేదీ, హోదా, జీతం, స్పెయిన్ పేరు, ఎంతకాలం, దూరం నుంచి పనికి అనుమతి, ఇవన్నీ ఉన్న లెటర్ డ్రాఫ్ట్ మీరే తయారు చేసి జతచేయండి. సోషల్ సెక్యూరిటీ ప్రశ్నను విడిగా, సూటిగా అడగండి. అర్జీ గడువు ముగిసేలోపే జవాబు కోరండి. వాళ్లు కుదరదంటే అది కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు ‘కాదు’ అయితే ఈ ఉద్యోగంతో ఈ వీసా లేదు, స్కూలు అడ్వాన్స్ వెనక్కి అడిగే పని ఆ రోజే మొదలుపెట్టండి.

ఆదాయం కూడా మళ్లీ లెక్కచూసుకోండి. స్పెయిన్ కనీస వేతనానికి రెండింతలు కావాలి. 2025 వేతనం ప్రకారం అది నెలకు సుమారు 2,763 యూరోలు అయ్యేది. మీతో వచ్చే కుటుంబంలో మొదటి మనిషికి కనీస వేతనంలో 75 శాతం, ఆ తర్వాత ఒక్కొక్కరికి 25 శాతం అదనం. ఆ వేతనం మారుతూ ఉంటుంది కాబట్టి దరఖాస్తు నాటి అంకె చూడండి. భార్య జీతం పోయింది కనుక ఈ లెక్క మీ ఒక్కరి పే స్లిప్పుతో తేలాలి.

ముందు ఆ ట్రాన్స్‌ఫర్ లెటర్ వెతకండి, ఈరోజే. తిరస్కరణ అందిన తేదీతో పాటు దాన్ని దగ్గర పెట్టుకుని, వీలైనంత త్వరగా స్పెయిన్ ఇమిగ్రేషన్ చూసే లాయరుకు చూపించండి. అర్జీకి మీకు మిగిలింది వారం పైచిలుకే.