ల్యాబ్‌లో చిట్టెలుకను బాధపెట్టకుండా రక్తం తీయడం ఎలా?

సూది ఎక్కడ గుచ్చాలనే దానికంటే ముందు ఎంత తీయాలో తేల్చుకోండి. 25 గ్రాముల చిట్టెలుక ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 1.8 మిల్లీలీటర్లే. ఒకసారికి అందులో పదో వంతు మించి తీయకూడదు. చాలా పరీక్షలకు అంత కూడా అక్కర్లేదు.

నేనైతే వెనక కాలి సఫీనస్ సిరనే ఎంచుకుంటాను. దీనికి మత్తు అవసరం లేదు. చిట్టెలుకను గాలాడే గొట్టంలోకి తల ముందుగా పోనిచ్చి, కాలు మెల్లగా చాపి పట్టుకుని, మడమకు పైన బయటివైపు వెంట్రుకలు తీసేయాలి. కాస్త వాజెలిన్ రాస్తే రక్తం వెంట్రుకల్లోకి పాకకుండా గుండ్రటి చుక్కగా నిలుస్తుంది. సన్నని సూదితో ఒక్కసారి గుచ్చి, ఆ చుక్కను సన్నని గాజు గొట్టంలోకి తీసుకోవాలి. తర్వాత గాజుగుడ్డతో అదిమి పట్టి, రక్తం పూర్తిగా ఆగాకే పంజరంలో వదలాలి. అదే రోజు మళ్లీ కావాలంటే గుచ్చిన చోట కట్టిన పక్కు తీస్తే చాలు, కొత్తగా గుచ్చే పని లేదు.

తోక సిర కూడా మంచిదే, ముందు కాస్త వెచ్చబరచాలి. చెంప సిర నుంచి రక్తం త్వరగా వస్తుంది కానీ, చేయి తిరగనివాళ్లు గుచ్చితే చెవిలోకి, నోట్లోకి రక్తం కారే ప్రమాదం ఉంది. కంటి వెనక నుంచి తీయడం మాత్రం దయచేసి మానేయండి, కన్నే పోవచ్చు. గుండె నుంచి తీయడమంటే పూర్తి మత్తులో, ఇక ఆ ప్రాణిని మేల్కోనివ్వని సందర్భంలోనే.

అన్నట్టు, తోక పట్టి పైకెత్తకండి. దోసిట్లోకో, చిన్న గొట్టంలోకో ఎక్కించుకుని పైకెత్తితే దాని టెన్షన్ చాలా తగ్గుతుంది.